ఆడే పిల్లలకు వంతులవారీ విశ్రాంతి ఎందుకు?

ఈ పత్రికలో రక్తహీనత, మధుమేహం, పసిపిల్లల టీకాల వంటి విషయాల మీద పాఠాలు చదువుతూ వచ్చారు. ఈసారి విషయం కాస్త వేరు. ఫుట్‌బాల్ ఆడే పిల్లల గురించి, వాళ్ళను జట్టులో వంతులవారీగా దించడం గురించి. ఆసుపత్రి పత్రికలో ఆటల సంగతి ఏమిటని అనుకోవద్దు. వేసవి శిబిరాలు మొదలయ్యాయంటే మా ఎముకల ఓపీకి మడమ నొప్పి, మోకాలి నొప్పి అంటూ 10 నుండి 15 ఏళ్ళ పిల్లలు వస్తారు. వెంట వచ్చిన తల్లిదండ్రులు చాలాసార్లు అడిగేది ఒకటే: "సిస్టర్, ఆదివారం మ్యాచ్ ఉంది. ఈలోగా తగ్గేలా ఒక ఇంజెక్షన్ ఇప్పించండి." వాళ్ళకు ఓపీ వరండాలో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పలేని జవాబును ఇక్కడ తీరికగా చెబుతాము.

పెద్ద క్లబ్బులు పిల్లలను ఎలా పెంచుతాయి?

స్పెయిన్ దేశంలోని బార్సిలోనా క్లబ్ పేరు ఆట తెలియనివారు కూడా వినే ఉంటారు. ఆ క్లబ్ పిల్లల అకాడమీని లా మసియా అంటారు. ఆ మాటకు పల్లెటూరి రైతు ఇల్లు అని అర్థం. 1702లో కట్టిన ఒక పాత రాతి ఇంటిని 1979లో దూరప్రాంతాల పిల్లలకు వసతిగృహంగా మార్చారు. 2011లో కొత్త భవనానికి మారారు గానీ పేరు మారలేదు. లియోనెల్ మెస్సీ 2000లో 13 ఏళ్ళ వయసులో అర్జెంటీనా నుండి వచ్చింది ఈ అకాడమీకే. ఆ పిల్లవాడికి ఎదుగుదల హార్మోను లోపం ఉండేది. వైద్యం ఖర్చు క్లబ్ భరించింది. పొట్టిగా, బక్కగా ఉన్నాడని పంపేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఎదుగుదల సంగతికి మళ్ళీ వస్తాము.

ఇలాంటి అకాడమీలో వయసును బట్టి వేరువేరు జట్లు ఉంటాయి. స్పెయిన్‌లో 12 ఏళ్ళ లోపు పిల్లలు చిన్న మైదానంలో ఏడుగురు చొప్పున ఆడతారు, తరువాతే పదకొండుగురి ఆట. చివరగా 19 ఏళ్ళ లోపు జట్టు. బార్సిలోనా ఆ జట్టు యూరప్ క్లబ్బుల యువ పోటీని 2014, 2018, 2025 సంవత్సరాలలో మూడుసార్లు గెలిచింది. పెద్ద పిల్లల జట్టులో 20 మందికి పైగా ఉంటారు, మైదానంలోకి దిగేది 11 మంది. మిగిలినవారు బెంచీ మీద. ఎవరు ఏ రోజు ఆడాలి, ఎవరు సగం ఆటకు దిగాలి, ఎవరు ఆ వారం అసలు బూట్లు వేయకూడదు అని నిర్ణయించడమే వంతుల పద్ధతి.

ఇది మాకు కొత్త కాదు. ప్రతి నెలాఖరున మా నర్సింగ్ ఆఫీసులో డ్యూటీ చార్ట్ వేస్తాము. చేతి వాటం ఉన్న సిస్టర్ కావాలని ప్రతి వార్డూ అడుగుతుంది. ఆమెను వరుసగా పది నైట్ డ్యూటీలకు వేస్తే పదకొండో రాత్రి ఆమె చేతిలో మందు పొరపాటు జరిగే అవకాశం పెరుగుతుంది. కనుక ఎంత మంచి సిస్టర్ అయితే అంత జాగ్రత్తగా వంతు వేయాలి. బాగా ఆడే పిల్లవాడి విషయంలోనూ ఇంతే. గాయాలయ్యేది ఎక్కువగా వాడికే, ఎందుకంటే వాడిని ఎవరూ కూర్చోనివ్వరు.

ఎముక చివర ఉన్న మెత్తటి చోటు

పెద్దవాళ్ళకు విశ్రాంతి కావలసింది కండరాలకు. పిల్లలకు దానితోపాటు ఎముకలకు కూడా. ఎదిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుండే. అలాగే పెద్ద కండరాల నరాలు, అంటే కండరాన్ని ఎముకకు కట్టిపడేసే తాళ్ళు, అతుక్కున్న చోట కూడా ఇలాంటి మెత్తటి భాగం ఉంటుంది. ఆ తాడు గట్టిది, అతుకు మెత్తనిది. పరుగెత్తిన ప్రతిసారీ, బంతిని తన్నిన ప్రతిసారీ తాడు ఆ అతుకును లాగుతుంది. కొద్దిగా లాగితే విశ్రాంతిలో సర్దుకుంటుంది. సర్దుకునే లోపు మళ్ళీ మళ్ళీ లాగితే వాపు, నొప్పి వస్తాయి.

ఎక్కడ వస్తుందో వయసును బట్టి చాలావరకు చెప్పవచ్చు. 8 నుండి 13 ఏళ్ళ వరకు మడమ వెనుక. పిల్లవాడు ఆట అయ్యాక మునివేళ్ళ మీద నడుస్తాడు. దీన్ని సీవర్స్ జబ్బు అంటారు. ఆ తరువాత మోకాలి చిప్పకు కొద్దిగా కింద, కాలి ఎముక ముందు భాగాన గట్టి బొడిపె లేస్తుంది, ముట్టుకుంటే అరుస్తాడు. అది ఆస్‌గుడ్ ష్లాటర్ జబ్బు. జబ్బు అనే మాట విని హడలిపోవద్దు. ఇవి క్రిములవల్ల వచ్చేవి కావు, ఎదుగుదల పూర్తయ్యాక చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. ఇంకొంచెం పెద్ద పిల్లల్లో నడుము పూసలో సన్నని పగులు, బంతిని బలంగా తన్నినప్పుడు తుంటి ముందు ఎముక ముక్క ఊడి రావడం కూడా చూస్తాము. ఈ రెండూ తేలికగా తీసుకోదగినవి కావు.

అమ్మాయిలు సుమారు 12 ఏళ్ళకు, అబ్బాయిలు సుమారు 14 ఏళ్ళకు అతి వేగంగా పొడవు పెరుగుతారు. ఆ ఏడాదిలో అబ్బాయి 9, 10 సెంటీమీటర్లు పెరగడం మామూలే. ముందు ఎముక పెరుగుతుంది, కండరం తరువాత అందుకుంటుంది. ఆ మధ్యకాలంలో పిల్లవాడు బిగుసుకుపోయినట్లు, కాళ్ళు తనవి కానట్లు పరుగెడతాడు. నిన్నటి వరకు చక్కగా ఆడినవాడు ఇవాళ బంతి తప్పుతుంటే బద్ధకం అని తిట్టకండి. మంచి అకాడమీలలో ఈ కాలాన్ని పట్టుకోవడానికి నిలబడిన ఎత్తు, కూర్చున్న ఎత్తు, బరువు తరచుగా కొలిచి రాసిపెడతారు. మనం పసిపిల్లల క్లినిక్‌లో ఎదుగుదల కార్డు నింపినట్లే. గీత ఒక్కసారిగా పైకి లేచిందంటే కోచ్ ఆ పిల్లవాడి ఆటను తగ్గిస్తాడు, గెంతులు, దూరపు తన్నులు తగ్గిస్తాడు, బంతి మీద పట్టు నేర్పే పని పెంచుతాడు.

మన ఇళ్ళలో పసిబిడ్డ బరువు నెలనెలా చూస్తాం గానీ 13 ఏళ్ళవాడి ఎత్తు కొలిచేది ప్యాంటు పొట్టి అయినప్పుడే. తలుపు చెక్క మీద పెన్సిలు గీత చాలు, మూడు నెలలకొకసారి గీయండి.

నిమిషాల లెక్క

ఇంగ్లండ్‌లో 2012 నుండి అకాడమీలన్నింటికీ ఒక ఉమ్మడి ప్రణాళిక అమలులో ఉంది. చిన్న వయసు జట్లలో ప్రతి పిల్లవాడికీ సీజన్ మొత్తం మీద కనీసం సగం ఆట సమయం దక్కేలా చూడాలన్నది అందులోని ఒక నియమం. గెలుపు కోసం ఒకడినే అరగదీయకూడదు, ఇంకొకడిని బెంచీకే అంటగట్టకూడదు. అక్కడి చిన్నపిల్లల ఆటల్లో బయటికి వచ్చినవాడు మళ్ళీ లోపలికి వెళ్ళవచ్చు. పెద్దల ఆటలో అలా కుదరదు.

నిమిషాలు ఒక్కటే చాలవు. ఎండలో బురదలో ఆడిన 60 నిమిషాలు, సాయంత్రం సరదాగా ఆడిన 60 నిమిషాలు ఒకటి కావు. అందుకే చాలా క్లబ్బుల్లో ఒక సులువైన పద్ధతి పాటిస్తారు. ఆట అయిన అరగంటకు పిల్లవాడిని అడుగుతారు: "ఇవాళ ఎంత కష్టమనిపించింది? సున్నా నుండి పది వరకు ఒక అంకె చెప్పు." ఆ అంకెను నిమిషాలతో గుణిస్తారు. 90 నిమిషాల మ్యాచ్‌కు 7 అంటే 630. 60 నిమిషాల తేలిక సాధనకు 3 అంటే 180. వారమంతా కూడితే ఆ వారం బరువు తెలుస్తుంది. గత వారం 1,200 ఉండి ఈ వారం 2,400 అయితే కోచ్ ఆగి ఆలోచించాలి. ఈ లెక్కకు యంత్రం అక్కరలేదు, అయిదో తరగతి గుణకారం చాలు. కాని పిల్లవాడు నిజం చెప్పాలి. "పది" అంటే జట్టులోంచి తీసేస్తారన్న భయం ఉంటే ఎప్పుడూ "నాలుగు" అనే చెబుతాడు. వార్డులో నొప్పి ఎంత ఉందని అడిగినప్పుడు డాక్టరు గారి ముందు కొందరు రోగులు చేసేది కూడా ఇదే.

పిల్లల వైద్యులు సాధారణంగా చెప్పే హద్దులు కొన్ని గుర్తుంచుకోండి. వారంలో కనీసం ఒకటి రెండు రోజులు ఆట, సాధన రెండూ ఉండకూడదు. వారంలో పద్ధతి ప్రకారం నేర్చే ఆట గంటలు పిల్లవాడి వయసు అంకెను దాటకూడదు, అంటే 12 ఏళ్ళవాడికి 12 గంటలలోపు. ఏడాదిలో రెండు మూడు నెలలు, నెల చొప్పున విడగొట్టి అయినా సరే, ఆ ఆటకు పూర్తిగా దూరంగా ఉండాలి. ఆ నెలల్లో ఈత కొట్టనివ్వండి, సైకిలు తొక్కనివ్వండి.

ముగ్గురు కుర్రవాళ్ళ కథ

మైకేల్ ఓవెన్ లివర్‌పూల్ క్లబ్ యువ జట్టు నుండి ఎదిగినవాడు. 1998 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద 18 ఏళ్ళకే గోలు కొట్టి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. 1999 ఏప్రిల్‌లో లీడ్స్ జట్టుతో ఆడుతూ పరుగు మధ్యలో తొడ వెనుక కండరం తెగింది. అప్పటికి 19 ఏళ్ళు. తరువాత కూడా ఎన్నో గోలులు కొట్టాడు, 2001లో యూరప్ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా అందుకున్నాడు. కాని మునుపటి వేగం తిరిగి రాలేదని తానే చెప్పుకున్నాడు.

లా మసియాలో పెరిగిన అన్సు ఫాతికి 2020 నవంబరులో మోకాలి లోపలి మెత్తటి కప్పు చిరిగింది. వయసు 18. ఒకటికంటే ఎక్కువ ఆపరేషన్లు జరిగాయి, 2021 సెప్టెంబరు వరకు మైదానంలోకి రాలేదు. ఇది ఎదుటివాడు తగిలి జరిగిన గాయం. వంతుల పద్ధతి ఎంత బాగున్నా ఇలాంటివన్నీ ఆగవు, ఆ మాట కూడా చెప్పాలి.

మూడోవాడు పెద్రీ. 17 ఏళ్ళకు బార్సిలోనాకు వచ్చాడు. 2020 సెప్టెంబరు నుండి 2021 ఆగస్టు వరకు క్లబ్ మ్యాచ్‌లు, యూరప్ దేశాల పోటీ, దాని వెంటనే టోక్యో ఒలింపిక్స్, అన్నీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. ఆ తరువాతి సీజనులో తొడ కండరం గాయాలతో నెలల తరబడి బయట కూర్చున్నాడు. ఒక గాయానికి ఒకటే కారణం ఉండదు, కాబట్టి ఆ 73 వల్లే అని మేము రాయము. కాని మా దృష్టిలో గమనించవలసింది ఇంకొకటి. క్లబ్‌కు ఒక పట్టిక, దేశపు పెద్ద జట్టుకు ఒక పట్టిక, ఒలింపిక్స్ జట్టుకు ఇంకొక పట్టిక. ఎవరి పట్టిక వారికి సబబే. కుర్రవాడి కాళ్ళు మాత్రం రెండే.

లెక్క ఎవరి దగ్గర ఉండాలి?

ఇది దూరదేశపు సంగతి అనుకోకండి. మా ఓపీకి ఒక 13 ఏళ్ళ అబ్బాయి రెండు మోకాళ్ళ నొప్పితో వచ్చాడు. బడి జట్టులో ఆడతాడు. సాయంత్రం పేటలోని క్లబ్‌కు ఆడతాడు. శని, ఆదివారాలు జిల్లా ఎంపిక శిబిరం. బడిలో డ్రిల్లు మాస్టారు మంచివారు, గురువారం విశ్రాంతి ఇచ్చారు. ఆ గురువారమే క్లబ్‌లో పెద్ద సాధన. క్లబ్ కోచ్ మంగళవారం విశ్రాంతి ఇచ్చాడు, ఆ రోజు బడిలో మ్యాచ్. ముగ్గురు పెద్దలు ముగ్గురూ "మేము విశ్రాంతి ఇస్తూనే ఉన్నాం" అన్నారు, అది అబద్ధం కాదు. పిల్లవాడికి మాత్రం నాలుగు నెలల్లో ఒక్క ఖాళీ రోజు లేదు. ఈ సంగతి తెలిసింది వాళ్ళ అమ్మను కూర్చోబెట్టి సోమవారం నుండి వరుసగా చెప్పమన్నప్పుడు. చెబుతూ చెబుతూ ఆమే ఆగిపోయింది.

కాబట్టి మేము చెప్పేది: ఆ లెక్క కోచ్ దగ్గర కాదు, ఇంట్లో ఉండాలి. ఒక నోటు పుస్తకంలో రోజుకొక వరుస. ఎక్కడ ఆడాడు, ఎన్ని నిమిషాలు, ఎంత కష్టం అన్నాడు, ఎక్కడైనా నొప్పి ఉందా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడు. 12 ఏళ్ళ లోపు వారికి 9 గంటలకు తగ్గకుండా, ఆపై పిల్లలకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. పరీక్షల రోజుల్లో తెల్లవారుజామునే లేపి చదివించి అదే వారం మ్యాచ్‌కు పంపితే ఆ నిద్ర కరువు కూడా లెక్కలోకి వస్తుంది.

"మావాడిని బెంచీ మీద కూర్చోబెట్టారు"

తల్లిదండ్రులకు కష్టంగా ఉండేది ఇదే. బంధువులందరినీ పిలుచుకొని మ్యాచ్‌కు వెళ్తే కొడుకు పక్కన కూర్చుని నీళ్ళు అందిస్తుంటాడు. కోచ్ పక్షపాతం చూపిస్తున్నాడని అనుమానం వస్తుంది. కొన్నిచోట్ల అది నిజం కూడా కావచ్చు, ఆ పేరుతో ఎప్పుడూ ఒకే నలుగురిని కూర్చోబెడితే దానిని వంతు అనరు. అడగండి. "మావాడిని ఎందుకు తీశారు?" అని కాకుండా "ఈ నెలలో వీడు ఎన్ని నిమిషాలు ఆడాడు?" అని అడగండి. నిజంగా వంతు వేసే కోచ్ దగ్గర ఆ అంకె ఉంటుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఒకే తరగతిలో ఇద్దరు 13 ఏళ్ళ అబ్బాయిలు ఉంటారు. ఒకడికి మీసాలు మొలుస్తాయి, ఇంకొకడు అయిదో తరగతివాడిలా ఉంటాడు. ఎంపికలో మొదటివాడే నెగ్గుతాడు. ఎంపిక ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే యూరప్ అకాడమీలలో ఎక్కువగా ఉంటారని పరిశోధకులు చాలాకాలంగా చూపిస్తున్నారు. అది ప్రతిభలో తేడా కాదు, కొన్ని నెలల ఎదుగుదల తేడా. అందుకే ఇంగ్లండ్‌లో 2015 నుండి కొన్ని పోటీలను వయసును బట్టి కాకుండా ఎదుగుదల దశను బట్టి జట్లు కట్టి ఆడించి చూశారు. త్వరగా ఎదిగినవాడికి తనంతటి బలవంతులు ఎదురయ్యారు, ఆలస్యంగా ఎదిగేవాడికి మొదటిసారి బంతి అందింది.

మన మైదానాలలో

మన దగ్గర ఫుట్‌బాల్ లేదని అనకండి. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. ఆ 1962 పోటీలో జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే మైదానంలో దిగి ఫైనల్లో గోలు కొట్టాడు. ఆ ధైర్యానికి నమస్కారం. ఇవాళ ఎవరైనా తల కుట్లతో మా దగ్గరకు వచ్చి ఆడతామంటే మాత్రం మంచం దిగనివ్వము. అప్పట్లో ఆటగాడిని మార్చే వెసులుబాటు కూడా సరిగా లేదు. ప్రపంచకప్‌లో బదులు ఆటగాడిని దించడం 1970లోనే మొదలైంది. ఇప్పుడు పెద్దల మ్యాచ్‌లలో అయిదుగురిని మార్చవచ్చు. 2020లో తాత్కాలికంగా ఇచ్చిన ఆ సదుపాయాన్ని 2022లో స్థిరం చేశారు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ గారు స్థాపించిన సంస్థ పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ వచ్చింది. ఆయన పుట్టింది ఆ బార్సిలోనాలోనే. ఆడపిల్లల గురించి ఒక ముఖ్యమైన మాట. మోకాలి లోపలి అడ్డకట్టు తెగే ప్రమాదం అబ్బాయిలకంటే వారికి ఎక్కువ. నార్వేలో 13 నుండి 17 ఏళ్ళ 1,892 మంది అమ్మాయిల మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశీలనలో, ఆటకు ముందు 20 నిమిషాల క్రమపద్ధతి వ్యాయామం చేసిన జట్లలో గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. పరుగు, ఒంటికాలి మీద నిలకడ, గెంతి మెత్తగా దిగడం, తొడ కండరాల బలం, ఇవే ఆ వ్యాయామాలు. ఖర్చు ఏమీ లేదు. ఆడపిల్ల త్వరగా ఆయాసపడుతుంటే, ముఖం పాలిపోతే, ఆటలోనుంచి తీసేయకముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

మన ఎండల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిది దాటాక మైదానంలో పిల్లలను పరుగెత్తించవద్దు. పెద్ద జట్టు ఉంటే ఎండరోజు అందరినీ పావుగంట చొప్పున మార్చి ఆడించండి. నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర ఉంచండి.

ఇక ఇంజెక్షన్ సంగతి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మందులు నొప్పిని కప్పుతాయి, మెత్తటి అతుకును బాగు చేయవు. నొప్పి తెలియకపోతే పిల్లవాడు ఇంకా గట్టిగా పరుగెడతాడు. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందులు మూత్రపిండాలకు కూడా హాని చేయవచ్చు. మ్యాచ్ ఆడించడం కోసం మందు వేయవద్దు. మడమ, మోకాలి మామూలు నొప్పులకు ఆట తగ్గించడం, ఐస్ గడ్డ గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టడం, పిక్కను, తొడను మెల్లగా సాగదీసే వ్యాయామం చాలావరకు సరిపోతాయి. నొప్పి లేకుండా నడిచి, తరువాత పరుగెత్తి, తరువాత గెంతగలిగిన పిల్లవాడిని మొదట పది, పదిహేను నిమిషాలకే దించాలి.

రాత్రి నిద్రలో లేపే నొప్పి, కుంటడం, కీలు వాచి వేడిగా ఉండడం, జ్వరంతో కూడిన ఎముక నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువయ్యే నడుము నొప్పి, తలకు దెబ్బ తగిలాక వాంతి లేదా మత్తు, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా తీసుకురండి. వచ్చేటప్పుడు వాడు ఆడే బూట్లు కూడా తెండి, అడుగు ఎటు అరిగిందో చూస్తాము. నోటు పుస్తకం మొదలుపెట్టి ఉంటే అదీ తెండి. లేకపోతే అమ్మనే వెంటపెట్టుకు రండి.